ఓక్‌సన్ ఎంచిన తప్పు

అడిగినదానికి సూటిగా జవాబు చెప్పడమన్నది జియాన్ అమ్మగారి ఒంట్లోనే లేదు. ఆవిడ దక్షిణ కొరియాలో ఒక చిన్న బౌద్ధాశ్రమం పెద్ద. ఉత్తర కొరియా నుంచి ప్రాణాలకు తెగించి పారిపోయి వచ్చినవాళ్ళకు పనులు వెతికిపెట్టే శిష్యురాలు సూబిన్ ఒకనాడు విసిగిపోయి, "అమ్మా, వీళ్ళు మనలో కలిసేదెప్పుడు? ఎంత చెప్పినా వాళ్ళ తీరు వాళ్ళదే!" అని వాపోయింది. అమ్మగారు చిక్కుళ్ళు ఒలుస్తూ ఈ సంగతి చెప్పారు.

ఓక్‌సన్ అనే ఆమె అక్కణ్ణుంచి వచ్చి, భోజనం డబ్బాలు సర్దే వంటశాలలో పనికి కుదిరింది. మొదటి శనివారం యజమాని పనివాళ్ళను కూర్చోబెట్టి, "ఎవరైనా ఏమైనా చెప్పాలా?" అని అడిగాడు. మాటవరసకి అడిగితే ఎవరైనా లేస్తారా చెప్పండి? ఓక్‌సన్ లేచింది. ఆ వారం తను చేసిన తప్పులు మూడు ఒప్పుకుంది. అంతటితో ఊరుకుందా! పక్కనున్న మ్యోంగ్‌హీ వైపు తిరిగి, "ఈ అక్క మంగళవారం ముల్లంగి సరిగ్గా కడగలేదు" అంది.

మ్యోంగ్‌హీ మొహం మాడిపోయింది. వారమంతా పక్కన నిలబడి పని నేర్పిన మనిషి మరి! "అది ఉంటే నేనుండను" అని తెగేసి చెప్పింది. వచ్చే శనివారం ఓక్‌సన్‌ని పంపించేద్దామన్నాడు యజమాని.

పని పోతే ఓక్‌సన్‌కి దిక్కులేదు. మ్యోంగ్‌హీ దగ్గరికి వెళ్ళింది.

"అక్కా, మా దగ్గర వారం వారం అందరి ముందూ మన తప్పూ చెప్పాలి, ఇంకొకరి తప్పూ చెప్పాలి. తప్పించుకోలేం. పెద్దది బయటపడితే మనిషి బతుకే పోతుంది. అందుకని బాగా నమ్మిన స్నేహితురాలినే ఎంచుకుంటాం. ఆమె మీద చిన్నది మనం చెబుతాం, మన మీద చిన్నది ఆమె చెబుతుంది. ఇక్కడ నాకు మీరు తప్ప ఎవరున్నారు?"

మ్యోంగ్‌హీ ముల్లంగి బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

శనివారం వచ్చింది. యజమాని నోరు తెరవకముందే మ్యోంగ్‌హీ లేచి నిలబడింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియక తడబడుతూ, "ఓక్‌సన్ అందరికీ నిండుగా సర్ది, తను అడుగంటిన మాడు తింటోంది. ఇది తప్పు. మానుకోవాలి" అంది.

అందరూ తెల్లబోయారు. ఓక్‌సన్ మాత్రం తల వంచి, "ఒప్పుకుంటున్నాను, అక్కా" అని ఏడుస్తూనే నవ్వేసింది. ఇక ఆమెను పంపించే మాట ఎవరూ ఎత్తలేదు.

సూబిన్ తేలికపడి, "అయితే ఓక్‌సన్ చివరికి కలిసిపోయిందన్నమాట" అంది.

అమ్మగారు చిక్కుళ్ళ చాట పక్కన పెట్టారు.

"లేచి నిలబడింది మ్యోంగ్‌హీ కదమ్మా."