వానపాములను పిలిచిన తిరగలి

అనగనగా ఒక రాజ్యం. ఆ రాజ్యంలో రాజుగారి తర్వాత అంతటి మర్యాద వానపాములకే దక్కేది. నవ్వకండి పిల్లలూ! అక్కడ నేల గుల్లబారేదీ, పంట పండేదీ వాటి చలవవల్లే మరి.

ఏటా తొలకరి కురిసిన మర్నాడు పొద్దున్నే వానపాముల పిలుపు అని ఒక పోటీ జరిగేది. రాజుగారి పొలంలో ఇంటికొక చాప పరిచినంత జాగా ఇచ్చేవారు. ఇంటిల్లిపాదీ వచ్చి, నేల తవ్వకుండా, ఏమీ పొయ్యకుండా, కేవలం నేలను అదిరించి వానపాములను పైకి పిలవాలి. ఆపైన వాటిని మళ్ళీ లోపలికి పోనివ్వాలి. పైకి వచ్చినవాటికి లెక్క లేదు. క్షేమంగా తిరిగి నేలలోకి పోయినవాటికే లెక్క. గెలిచిన ఇంటివాళ్ళు ఆ పొలం మట్టిని, వానపాములతో సహా, బండెడు తమ దొడ్డికి తోలుకోవచ్చు.

ఆ పొలం ఉన్న ఊళ్ళో సింగన్న అనే రైతుకు ఆ బండెడు మట్టి కావాలి. ఎంతగా కావాలంటే, తొలకరి మబ్బు కనిపించినప్పటినుంచీ అతనికి అన్నం సయించలేదు.

సింగన్న భార్య మాణిక్యమ్మ పోయిన ఏడు జ్వరంతో కన్నుమూసింది. ఆమె తన చేత్తో పెట్టిన చిక్కుడు పాదు ఒక్కటే దొడ్లో మిగిలింది. ఆమె చెయ్యి పడక నేల గట్టిపడింది. తీగ పసుపుపచ్చబడి ఆకులు రాలుస్తోంది. సింగన్న రోజూ లేవగానే దాని దగ్గరికి పోయి కూర్చునేవాడు. "నువ్వు కూడా పోతావా?" అని దాన్ని అడిగేవాడు. మాణిక్యమ్మ మీద బెంగ అతన్ని లోలోపల తినేస్తోంది.

పోటీ ముందురోజు కూతురు చిలకమ్మ అడిగింది, "నాయనా, మనం దేంతో పిలుద్దాం?"

"గడ్డపార పాతి, దాన్ని రాయితో కొడదాం తల్లీ."

"అమ్మ తిరగలి తీసుకుపోదాం నాయనా. అమ్మ దొడ్లో కూర్చుని జొన్నలు విసురుతుంటే వానపాములు కాళ్ళ చుట్టూ పైకి వచ్చేవి కదా! చుట్టాలొచ్చారే అని అమ్మ నవ్వేది."

సింగన్న ముఖం మాడిపోయింది. ఆ తిరగలి మీద అతను గోనె కప్పి ఏడాది అయింది. పిండి కావాలంటే పక్కింట్లో విసిరించుకు వచ్చేవాడు గానీ, ఆ చప్పుడు తన గడపలో వినపడనిచ్చేవాడు కాదు. ఆమె లేకుండా ఆ చప్పుడు వినడం తనవల్ల కాదనుకున్నాడు.

"తిరగలి మాట ఎత్తకు!" అని కసిరి దొడ్లోకి పోయాడు. అక్కడ తీగనుంచి ఇంకో ఆకు రాలిపడింది. కాసేపు దాన్నే చూసి, లోపలికి వచ్చి, తనే గోనె లాగేశాడు.

తెల్లవారింది. ఊరంతా పొలంలో చేరింది. రాజుగారూ వచ్చి కూర్చున్నారు.

ముందుగా ఊరిపెద్ద వీరభద్రయ్య కుటుంబం దిగింది. కొడుకులూ కోడళ్ళూ మనవలూ అంతా కలిసి చెవులు చిల్లులు పడేలా డప్పులు వాయించారు. చూసేవాళ్ళు చిందులేశారు. వానపాములు మాత్రం హడలిపోయి ఇంకా లోతుకు దిగిపోయాయి.

తర్వాత నూనె వర్తకుడు పేరయ్య వంతు. అతను ఊరికే ఒక కర్ర పట్టుకుని నేలను తడుతూ ఉంటే, భార్య కొంగు చాటున చెంబెడు కుంకుడురసం ఒంపేసింది. వానపాములు మంటకు తాళలేక కుప్పలు తెప్పలుగా పైకి వచ్చాయి. "మా పిలుపంటే అదీ!" అని పేరయ్య మీసం మెలేశాడు.

చివరికి సింగన్న, చిలకమ్మ తిరగలికి చెరోవైపు కూర్చున్నారు. పిడికెడు జొన్నలు పోశారు. సింగన్న పిడి పట్టుకున్నాడు. రాయి తిరిగింది. గుర్రుగుర్రుమని మెల్లగా, తీరిగ్గా, అచ్చం మాణిక్యమ్మ విసురుతున్నట్టే చప్పుడు లేచింది. నేల సన్నగా అదిరింది. ఒక వానపాము తల పైకి పెట్టింది. దాని వెనక ఇంకొకటి. చూస్తూ ఉండగానే ఆ జాగా అంతా ఎర్రబడిపోయింది.

సింగన్న కళ్ళు మూసుకున్నాడు. మూసుకుంటే ఎదురుగా ఆమె ఉంది. తెరిస్తే ఉండదు. అందుకని తెరవలేదు.

"ఇక చాలు, పోనివ్వండి!" అని రాజుగారు గంట కొట్టించారు.

"నాయనా, ఆపు. చప్పుడు ఉన్నంతసేపూ అవి లోపలికి పోవు" అంది చిలకమ్మ.

"ఇంకొక్క పిడికెడు తల్లీ."

ఆ పిడికెడూ అయిపోయింది. పొద్దు పైకెక్కింది. చిలకమ్మ మళ్ళీ బతిమాలింది.

"ఇంకొక్క పిడికెడు" అన్నాడు సింగన్న.

అదీ అయిపోయింది. మూడోసారి అతను జొన్నల కోసం తడుముకుంటుంటే, ఒక ముసలి వానపాము తల ఎత్తి మాట్లాడింది.

"సింగన్నా! నీ పిలుపు ఎంతో తియ్యగా ఉంది, అందుకే వచ్చాం. ఆ చప్పుడు వింటూ కదలడం మా వల్ల కావడం లేదు. ఎండకు మా ఒళ్ళు ఆరిపోతోంది. దయచేసి ఆపు."

"ఆపితే ఆమె పోతుంది" అన్నాడు సింగన్న, కళ్ళు తెరవకుండానే.

"ఆమె ఎప్పుడో పోయింది బాబూ. ఇప్పుడు పోయేది మా ప్రాణాలు."

సింగన్న గబుక్కున కళ్ళు తెరిచాడు. ఎదురుగా చిలకమ్మ ఉంది. చేతులు పొక్కిపోయి, కళ్ళ నీళ్ళు కారుతున్నా, తండ్రి ఆపలేదని తనూ తిప్పుతూనే ఉంది. సింగన్న పిడి వదిలేశాడు. తిరగలి ఆగిపోయింది. అతను కూతుర్ని ఒళ్ళోకి లాక్కుని, ఏడాదిగా ఏడవని ఏడుపంతా ఏడ్చాడు.

ఆ నిశ్శబ్దంలో వానపాములు ఒకదాని వెంట ఒకటి నేలలోకి దిగిపోయాయి. ఒక్కటీ మిగల్లేదు.

వీరభద్రయ్య జాగాలో వచ్చినవీ లేవు, పోయినవీ లేవు. పేరయ్య జాగాలో మాత్రం కుప్పలన్నీ అక్కడే సొమ్మసిల్లి ఉన్నాయి. రాజుగారు వంగి వాసన చూశారు.

"ఏమయ్యా పేరయ్యా, చుట్టాలను పిలిచి తలంటు పోశావా?" అన్నారు. జనం గొల్లుమన్నారు. ముందు ఆ వానపాములను మంచినీళ్ళతో కడిగి బతికించమనీ, తర్వాత సింగన్నకు దక్కిన మట్టిని బండిలో పోసి అతని దొడ్డిదాకా పేరయ్యే లాక్కుపోవాలనీ తీర్పు చెప్పారు.

ఆ మట్టితో చిక్కుడు పాదు తేరుకుంది. ఇక సింగన్న బెంగ తీరిందా అంటే, తీరలేదు. రోజూ పొద్దున్నే తండ్రీకూతుళ్ళు దొడ్లో కూర్చుని ఒక్క పిడికెడు జొన్నలు విసిరేవారు. గింజ అయిపోగానే ముందుగా పిడి వదిలేది సింగన్నే.

ప్రేమగా పిలవడం ఎంత గొప్పో, పోవలసినవాళ్ళను ప్రేమగా పోనిచ్చి, ఉన్నవాళ్ళను దగ్గరికి తీసుకోవడం అంతకంటే గొప్ప.