కుండ మీది మూత

అనగనగా ఓ వీణల వీధి ఉండేదే, చిట్టీ. ఏ గుమ్మం ముందు చూసినా పనస రంపప్పొట్టే. ఆ వీధిలో పైడితల్లి అని ఓ పిల్ల. పదిహేడేళ్ళు దానికి, నోరు మాత్రం నలభై ఏళ్ళది. వాళ్ళ నాన్న వీరన్న వీణలు చెయ్యడంలో మొనగాడు. కళ్ళు మూసుకుని వాసన చూసి ఇది ఫలానా కర్ర అని చెప్పేసేవాడు.

ఒకరోజు బళ్ళో పాటలు నేర్పే రూతమ్మ టీచరు వచ్చింది. పాపం, ఆవిడ గిటారుకి చెదపట్టి పొడైపోయింది. చేతిలో ఓ వెడల్పాటి పలక పట్టుకొచ్చింది.

"మా తాత చేసిన బియ్యం పెట్టె మూతండీ. ఆయన గుర్తుగా మిగిలింది ఇదొక్కటే. దీంతో గిటారు అవుతుందా?" అంది.

"మా వీధిలో గిటార్లు ఎవరూ చెయ్యరమ్మా" అని వీరన్న అంటూ ఉండగానే, "నేను చేస్తాను" అనేసింది పైడితల్లి. వీరన్న గుర్రుమన్నాడు. "సరే. ఈ పలక గాని పాడుచేసేవో, ఇంకెప్పుడూ ఉలి ముట్టకూడదు."

అప్పుడు పైడితల్లి పలక మూల జానెడు ముక్క కోసి, దాన్ని అట్టంత పలచగా చీరింది. ముందు రంగు చూసింది. పనసైతే పసుప్పచ్చగా ఉండాలి, ఇది మీగడ రంగులో ఉంది. తర్వాత నాలిక మీద పెట్టుకుంది. వేపైతే చేదుండాలి, ఇది చప్పగా ఉంది. ఆ తర్వాత వాసన చూసింది. టేకైతే నూనె వాసన రావాలి, దీనికి ఏ వాసనా లేదు. వీరన్న కూడా మూడుసార్లు వాసన చూసి మొహం తిప్పేసుకున్నాడు. తెలీదని ఒప్పుకుంటాడా ఏమిటి!

ఆ తర్వాత పైడితల్లి ఆ ముక్క పట్టుకుని సంతకెళ్ళింది. కొండ మీంచి అల్లం తెచ్చి అమ్మే కాసులమ్మ చూస్తూనే నవ్వింది. "ఇది గుమ్మడి టేకు పాపా. మా డోళ్ళు దీంతోనే చేస్తాం. ఎండకీ వానకీ వంకరపోదు" అంది. గుమ్మడికాయ కాదే, నవ్వకు! అది వేరే చెట్టు.

పేరు తెలిసింది. మరి గొంతో? వీణ పలకకి పట్టినట్టే, ఆ పెద్ద పలకని చిటికెనవేలి మందానికి చిత్రిక పట్టింది. వేలితో కొట్టింది. దబ్! ఇంకోచోట కొట్టింది. దబ్!

"మూగ కర్రే అమ్మీ. పీట సేసీ" అన్నాడు వీరన్న. పైడితల్లికి ఏడుపొచ్చింది. టీచరుకి ఏ మొహం పెట్టుకుని చెబుతుంది? సంతకి పట్టుకెళ్ళిన ఆ పలచటి ముక్కని మంచినీళ్ళ కుండ మీద మూతగా పడేసి, మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చుంది.

అప్పుడు వాన మొదలైంది. పగిలిన పెంకులోంచి ఓ చుక్క ఆ మూత మీద పడింది. టొంగ్! ఇంకో చుక్క. టొంగ్! మూడో చుక్కకి పైడితల్లి లేచి నిలబడింది.

"నాన్నా, కర్ర మూగది కాదు. మనమే దాన్ని వీణ మందంలో ఉంచి పాడమన్నాం" అంది.

ఇంక చూడు, చిత్రిక మళ్ళీ మొదలు! మందం సగమైంది, ఆ సగంలో సగమైంది.

"ఇరిగిపోద్దే!" అని అరిచాడు వీరన్న.

"ఇరగదు నాన్నా. లోపల డొక్కల్లాగా పుల్లలు అంటిస్తాను" అంది. అన్నట్టే అంటించింది. పక్కలకీ వెనక్కీ పనస పెట్టి, తీగలు బిగించింది. పలక వంగితే ఒట్టు.

ఆ తర్వాత బడి పండగనాడు రూతమ్మ టీచరు ఆ గిటారు మీటింది. ఆఖరి బెంచీ దాకా వినిపించింది. ఆ ఆఖరి బెంచీలో కూర్చున్నది వీరన్నే. ఇంటికొచ్చి, తన తాత నాటి ఉలి తీసి కూతురి చేతిలో పెట్టాడు. "మూగదన్నాను. నాదే తప్పమ్మా" అన్నాడు. కుండ మీది ఆ ముక్క మూతని మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. పైడితల్లి అత్తారింటికి వెళ్తుంటే చీరల మధ్యలో పెట్టి పంపాడు.

ఇప్పుడెక్కడుందంటావా? పొద్దున్నే లేచి మన మంచినీళ్ళ కుండ మీది మూతని వేలితో కొట్టి చూడు. నా అసలు పేరు నీకు తెలీదుగా, మీ అమ్మనడుగు.

కథేమో కంచికి, మూతేమో కుండకి,
నువ్వేమో నిద్రకి, నేనేమో మంచానికి.