కిటికీ వైపు వంగిన మొలకలు

రండర్రా, ఇలా దగ్గరికి జరగండి. ఏమే సింహాలూ, తమ్ముణ్ణి తోయకు, వాడికీ కాస్త చాప ఇవ్వు. ఊఁ కొడుతూ వినాలి మరి. ఊఁ ఆగితే కథా ఆగుతుంది.

అనగనగనగా కొండ కింద ఒక ఊరు. ఆ ఊళ్ళో గవరమ్మ అని ఒక పిల్ల. వాళ్ళక్క సుభద్రకి పెళ్ళి కుదిరింది. పెళ్ళికి ముందు మట్టి పాలికల్లో నవధాన్యాలు పోసి మొలకెత్తిస్తారు కదా, ఆ పని గవరమ్మకి అప్పగించారు. కోళ్ళు పొడుస్తాయేమోనని ఆ పిల్ల మూడు పాలికల్నీ కొట్టుగదిలో దాచింది. చీకటి గది. ఒకే ఒక్క చిన్న కిటికీ.

మొలకలొచ్చాయి. కానీ అన్నీ కిటికీ వైపుకే వంగిపోయాయి.

అప్పుడు పెళ్ళికొడుకు నాయనమ్మ రావులమ్మ చూడ్డానికొచ్చింది. చూసి మొహం ముడుచుకుంది. "ఇవేం మొలకలే? ఇల్లొదిలి బయటికి చూస్తున్నాయి. ఈ పిల్ల మా ఇంట నిలుస్తుందా? పెళ్ళిలోగా ఇవి సరిగ్గా నిలబడకపోతే తాంబూలాలు వెనక్కిచ్చేస్తాం."

సుభద్ర చేతిగాజులు తీసి పెట్టెలో పెట్టేసింది. గవరమ్మకి ఆ పూట ముద్ద దిగలేదు. పాలికలు అక్కడ పెట్టింది తనే కదా!

మర్నాడు ఒక పాలికని వెనక్కి తిప్పి పెట్టింది. మధ్యాహ్నానికి మొలకలు నిటారుగా లేచాయి. హమ్మయ్య అనుకుంది. సాయంత్రానికి మళ్ళీ కిటికీ వైపే వాలాయి.

ఆ తర్వాత రెండో పాలికని గుమ్మంలో పెట్టి నీళ్ళకి వెళ్ళింది. ఇంతలో కోడొచ్చి మొలకల కొసలన్నీ తెంపేసింది. ఏడుస్తూనే పాలికని మళ్ళీ గదిలో పెట్టింది. చిత్రం! కొస తెగిన మొలకలు వంగలేదు. పెరగనూ లేదు.

ఆ తర్వాత మూడో పాలిక. వక్కపొడి పొట్లం వెండికాగితం చింపి, మొలకల కొసలకి బుల్లి బుల్లి టోపీలు పెట్టింది. టోపీల మొలకలు నిటారుగా పెరిగాయి.

"టోపీలు తీసేసి అవే చూపిద్దామే!" అంది వాళ్ళమ్మ.

"తీస్తే వంగుతాయమ్మా. ఆవిడ కళ్ళముందే వంగితేనో?"

ఎందుకు వంగుతాయో తెలుసా? మొలక కొసలో ఒక రసం ఊరుతుంది. మీ పెద్ద తరగతి పుస్తకంలో దాన్ని ఆక్సిన్ అంటారు. అది కిందికి దిగుతూ కాడని సాగదీస్తుంది. వెలుగు ఒక పక్కనుంచే వస్తే, ఆ సంగతి కొసకే తెలుస్తుంది. రసం నీడ పక్కకి జరుగుతుంది. నీడ పక్క ఎక్కువ సాగుతుంది. అప్పుడు కాడ వెలుగు వైపు ఒరుగుతుంది. టోపీ పెడితే కొసకి వెలుగెటో తెలీదు. కొసే తెగితే రసమే లేదు. గవరమ్మకి ఆ పేరు తెలీదు గానీ, ఉన్నదంతా కొసలోనే ఉందని అర్థమైంది.

రావులమ్మ రానే వచ్చింది. గవరమ్మ కిటికీ కింద పీట వేసింది. "మామ్మగారూ, మొదటి పాలికని మీ చేత్తోనే తిప్పండి. ఇక్కడే కూర్చుని చూడండి."

తిప్పింది. మొలకలు గోడ వైపుకి పోయాయి. "బాగుందే! ఇప్పుడు నాకు వీపు చూపిస్తున్నాయి," అని సణిగింది. మజ్జిగ తాగింది. ఒక కునుకు తీసింది. తలుపు వెనక సుభద్ర నిలబడి తొంగి చూస్తోంది.

పొద్దు వాలేసరికి మొలకలన్నీ రావులమ్మ వైపు వంగాయి.

"ఓసి వీటి దుంపతెగ! నా దగ్గరికే వచ్చేశాయే!"

"మీ దగ్గరికి కాదు మామ్మగారూ. మీ వెనకున్న వెలుగు దగ్గరికి."

రావులమ్మ వెనక్కి తిరిగి కిటికీని చూసింది. తలుపు వెనకున్న సుభద్ర బోసి చేతుల్ని చూసింది.

"గాజులేవే, అమ్మాయ్? వేసుకో," అంది.

రావులమ్మ ఇంటికెళ్ళి తన వంటిల్లు చూసుకుంది. పట్టపగలే మసి చీకటి. పెళ్ళికూతురు గుమ్మం తొక్కేలోగా, తాపీమేస్త్రీని పిలిచి ఆ గోడకి పెద్ద కిటికీ పెట్టించింది.

కథేమో కంచికి నడిచింది,
కంచంలో అన్నం పిలిచింది.
పప్పు చల్లారక ముందే
పదండర్రా ఇళ్ళకి!