గీయని గెల

అనంతరాములు సారును ఇంగ్లీషు మాటకు అర్థం అడిగితే సగం పూట పోయినట్టే. ఆ మాట నీకెక్కడ తగిలింది, ఎవరు ఎవరినన్నారు అని ముందు కూపీ లాగేవారు. జనగామలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి, ఇంట్లో డిక్షనరీలు బోలెడున్నాయి, తెరిచేది మాత్రం తక్కువ. ఆయన దగ్గర చదువుకున్న మా అందరికీ ఈ విసుగు అనుభవమే.

ఆ ఆదివారం నేను అక్కడుండగా వసుమతి వచ్చింది. ఆమె కూడా ఆయన శిష్యురాలే, ఇప్పుడొక ప్రైవేటు బడిలో టీచరు. వానాకాలంలో ఆమె ఒక్కగానొక్క కూతురు జ్వరంతో పోయింది. ఆమె కూర్చుంటూనే, బౌన్స్‌బ్యాకబిలిటీ అంటే ఏమిటి సార్ అని అడిగింది.

అది ఆటల వార్తల్లో వాడే సరదా మాట, ఓడిన జట్టు మళ్ళీ పుంజుకుంటే అలా అంటారు, ఇప్పుడు మనుషులకూ తగిలిస్తున్నారు అని చెప్పి, నిన్నెవరన్నారు అని అడిగారు సారు. ఆమె మెల్లగా చెప్పుకొచ్చింది. పాప పోయాక నెల తిరక్కముందే బడికి వెళ్ళింది, ఇంట్లో ఉంటే పిచ్చెక్కేలా ఉందని. మొన్న వార్షికోత్సవంలో ప్రిన్సిపాలు ఆమెను వేదిక మీదికి పిలిచి, ఆ మాటతోనే మెచ్చుకుని శాలువా కప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంటికొస్తే ఆడపడుచు, బిడ్డ పోయిన తల్లి ఇట్లా తిరుగుతుందా అంది. రేపు రాజీనామా ఇచ్చేస్తానని వసుమతి తేల్చి చెప్పింది.

"నేను తేరుకున్నానంటే దాన్ని మరిచిపోయినట్టేనా సార్?"

నాకు ఏదో ఓదార్పు మాట నోటిదాకా వచ్చింది గానీ సారు చెయ్యెత్తి ఆపారు. తన ఉద్యోగం కొత్తలో ఒక పల్లెలో జరిగింది చెప్పారు.

ఆ ఊళ్ళో సత్తయ్య గౌడు తాళ్ళు గీసేవాడు, అంటే తాటిచెట్లెక్కి కల్లు తీసేవాడు. కొడుకు నాగేశుకూ ఆ పని నేర్పాడు. ఒకరోజు పొద్దున నాగేశు ఒక తాడి గీసి దిగి, పక్క తాడి ఎక్కుతుండగా నడుముకు కట్టుకున్న మోకు తెగి పడ్డాడు. అక్కడికక్కడే ప్రాణం పోయింది. పెళ్ళై ఏడాది కూడా కాలేదు. తాడికి దుఃఖం తెలియదు. పూల గెలను రోజూ పలచగా చెక్కకపోతే కోసిన చోటు ఎండిపోయి కల్లు రాదు. ఇంట్లో భార్య ఉంది, కడుపుతో ఉన్న కోడలుంది. దినాలు కాకముందే సత్తయ్య మోకు భుజానేసుకుని, కొడుకు ఆఖరున గీసిన తాడే ఎక్కాడు. కింద కల్లుకొచ్చినవాళ్ళలో కొందరు గుండె ధైర్యమంటే ఇదీ అన్నారు, కొందరు వీడికి గుండే లేదన్నారు. కల్లు మాత్రం అందరూ తాగారు.

సారు పలకరించడానికి వెళ్ళి చెట్టు కింద నిలబడ్డారు. సత్తయ్య ఒక్కో గెల చెక్కుతున్నాడు, కల్లు నిండిన లొట్టికుండ దించి ఖాళీది కడుతున్నాడు. ఒక్క గెల దగ్గర మాత్రం ఆగాడు. చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాడు. దాన్ని చేత్తో తడిమి, కత్తి పెట్టకుండానే దిగొచ్చాడు. రోజూ అదే వరస. మిగతా లొట్లు నిండుతున్నాయి, ఆ ఒక్క గెలా నల్లబడి ఎండిపోయింది. మరిచిపోయాడనుకుని జనం కేకేసి గుర్తు చేసేవారు. అతను తలూపేవాడు, అంతే. ఒకరోజు ఎవరూ లేనప్పుడు సారు మెల్లగా కారణం అడిగారు.

"అది మా పిలగాడు గీసింది సారూ. మల్ల నా కత్తి పెడితే వాడు గీసిన గీత పోతది."

అన్ని గెలలూ వాడు గీసినవే కదా అని సారు అనలేకపోయారట. అన్నీ గీయకుండా ఉంచుకుంటే ఇల్లు గడవదు. ఆ సంగతి ఆయనకన్నా సత్తయ్యకే బాగా తెలుసు.

వసుమతి ఏడ్చింది. పాప పోయినప్పుడు కూడా ఆమె అంత గట్టిగా ఏడవడం నేను చూడలేదు. సారు ఆపమనలేదు, లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టారు. చాలాసేపటికి ఆమె కళ్ళు తుడుచుకుని, ఆడపడుచుకు ఏం చెప్పమంటారు సార్ అని అడిగింది.

"ఏం చెప్పకు బిడ్డా. రేపు బడికి పో. నువ్వు గీయని గెల ఏదో ఎవరికీ చూపించే పని లేదు."