గవరమ్మ ముంజె తిప్పిన తీరు

"నా కన్ను ముట్టుకున్నావంటే చెయ్యి కొరికేస్తాను ఆచారీ!"

"కొరుకు గవరమ్మా. పళ్ళైనా ఉన్నాయిగా నీకు."

తాడిచెట్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే కాలంలో జరిగింది ఇది. గవరమ్మ ముంజెలమ్ముకునే మనిషి. అప్పలాచారి కళ్ళ వైద్యుడు. వాళ్ళ తగువు అప్పటికే మూడేళ్ళది.

గవరమ్మ రెండు కళ్ళకీ శుక్లాలొచ్చాయి. లోకమంతా గంజిలో ముంచినట్టు తెల్లగా, మెల్లగా కదిలేది. శుక్లం మీద ఉల్లిపొరకన్నా పల్చటి తొడుగుంటుంది. అది తెరిస్తేనే శుక్లం బయటికొస్తుంది. మూడేళ్ళ కిందట ఆచారి ఎడమ కంట్లో సూది పెట్టి చుట్టూ టకటకా పొడిచాడు. తొడుగు పర్రున అడ్డంగా చిరిగింది. కన్ను పోయింది.

ఇక కుడిది ఒక్కటే. అదీ పోతే గంప దించాల్సిందే.

"సరే," అంది గవరమ్మ. "ముందు ఈ ముంజె తొక్కకి బొట్టుబిళ్ళంత కిటికీ తియ్యి. లోపలి నీళ్ళు కారకూడదు."

ఆచారి పొడిచాడు. నీళ్ళు కారాయి. "పొడవకు," అంది.

రెండోది బయటికి లాగాడు. నీళ్ళు కారాయి. "లాగకు," అంది.

మూడోది మెల్లగా లాగాడు. మోచేతి దాకా కారాయి. "ఇలా తే," అంది.

గోటితో ఓ గాటు పెట్టింది. లేచిన అంచుని వెనక్కి మడిచింది. ఆ మడతని నడిమికి వాల్చి గుండ్రంగా తిప్పుకుంటా వచ్చింది. తొక్క బిళ్ళలా ఊడింది. చుక్క కారలేదు.

"కనబడకుండా ఎలా చేశావే?"

"చిరుగు ఎటు పారిపోదామనుకుంటుందో వేలికి తెలుస్తుంది. పోనిచ్చావా, పోయిందే."

ఎండాకాలమంతా ఆచారి గంపలు గంపలు పాడుచేశాడు. ఊరు నవ్వింది. ఆఖరి కాపుకి మూడు ముంజెలు వరసగా చుక్క కారకుండా తీశాడు.

"కానియ్," అని గవరమ్మ చాప మీద పడుకుంది.

ఆచారి ముంజె తిప్పినట్టే కంటి తొడుగూ తిప్పాడు. గవరమ్మకి అది నిద్రో మెలకువో తెలీలేదు. గంజి తేరుకున్నట్టు లోకం తేరుకుంది. ముందు వెలుతురు. తర్వాత తాటాకు నీడ. తర్వాత ఓ మొహం.

"ముసలాడివైపోయావే ఆచారీ!" అంది.

గవరమ్మ పోయి ఎన్ని తరాలైందో ఎవరికీ తెలీదు. ఆ వైపు కళ్ళ వైద్యం నేర్చేవాళ్ళు ఇప్పటికీ ముందు ముంజె పట్టుకుంటారు. చిరుగు పక్కకి పరిగెడితే "గవరమ్మ తిడుతుంది, తిప్పు," అంటారు. పాడుచేసిన ముంజెలకి బేరమాడరు. అప్పట్లో ఆచారి కూడా ఆడలేదు. ఎడమ కంటికి ఏమిమ్మంటావని అడిగాడట. "దానికి నువ్విచ్చేదీ లేదు, నేను మర్చిపోయేదీ లేదు. ముంజెల డబ్బులు పెట్టు," అంది.

పెట్టాడు. నాలుగు రూపాయల మూడణాలు.