కుక్క మెడ మీద చర్మం ఎందుకు వదులైంది

ఒకప్పుడు కుక్క చర్మం ఇప్పట్లా ఉండేది కాదు. చింతగింజ మీది పొట్టులా ఒంటికి అతుక్కుపోయి, నున్నగా మెరుస్తూ ఉండేది. మెడ దగ్గర గిల్లుదామన్నా గోటికి చిక్కేది కాదు.

ఆ రోజుల్లో ఒక కొండ నడుమ పెంచలయ్య అనే మేకల కాపరి ఉండేవాడు. ఆయనకు భార్య చెంగమ్మ, పదహారు మేకలు, ఒక కుక్క ఉండేవి. వాటన్నిటికంటే ఎక్కువగా ఆయన దగ్గరున్నది నమ్మకం. తన కంటిమీద తనకున్న నమ్మకం.

"తాడూ వద్దు, మూరా వద్దు. నేనొక్కసారి చూశానంటే చాలు, కొలత తీసినట్టే!" అనేవాడు.

ఆ కన్ను ఎంత గొప్పదంటే, ఆయన చేసిన తలుపు గుమ్మం కంటే జానెడు పెద్దది. అందుకని వాళ్ల తలుపు ఏనాడూ మూతపడలేదు. "ఇంట్లోకి గాలి రావద్దూ?" అనేవాడు పెంచలయ్య. ఆయన అల్లిన మంచం మీద పడుకుంటే మోకాళ్ల నుంచి కిందంతా బయటే. "కాళ్లకు మాత్రం గాలి వద్దూ?" అనేవాడు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. గుడిసె పక్కనున్న ఊట ఎండిపోయింది. చెంగమ్మ రోజూ కొండ దిగి, కడవతో నీళ్లు మోసుకుంటూ ఎక్కేది. ఒకరోజు కాలు జారింది. కడవ పగిలింది. కాలి ఎముకా విరిగింది.

ఎముకలు కట్టే పెద్దాయన కొండ పైనున్న ఊళ్లో ఉండేవాడు. తొంభై ఏళ్ల మనిషి, గుమ్మం దిగలేడు. దారేమో మేకలు పట్టేంత సన్నం. చెంగమ్మను మోద్దామంటే రెండో మనిషి లేడు.

పెంచలయ్య రెండు వెదురుబొంగుల మీద ఒక తడిక కట్టాడు. "నువ్వు దీని మీద పడుకో. ముందు కుక్క లాగుతుంది, వెనక నేను తోస్తాను. ఎలా ఉంది నా ఆలోచన?" అన్నాడు.

"బాగుంది," అంది చెంగమ్మ. పొద్దుటినుంచి ఆమె మూడుసార్లు చెప్పిన ఆలోచనే అది.

"కుక్క ఛాతీకి తోలుపట్టీ కట్టాలి. ముందు కొలత తీసుకో మామా," అంది పళ్లు బిగబట్టి.

"తీసుకున్నాను."

"ఎప్పుడు?"

"ఇప్పుడేగా చూశాను!"

మొదటి పట్టీ కుట్టాడు. అది ఛాతీ దాకా రానేలేదు, మెడకే చాలింది. కుక్క రెండడుగులు లాగేసరికి కళ్లు తేలేసింది.

"అయ్యా, తడిక లాగమన్నారా, ప్రాణం వదలమన్నారా? రెండూ ఒక్కసారే అంటే నావల్ల కాదు," అంది.

రెండోది కుట్టాడు. అది కుక్క ఒంటిమీద గోనెసంచిలా వేలాడింది.

"పరవాలేదు, ఎదుగుతావులే," అన్నాడు పెంచలయ్య.

"నాకు తొమ్మిదేళ్లయ్యా," అంది కుక్క. ఒక్క అడుగు వెనక్కి వేసింది. పట్టీ ఉన్నచోటే ఉంది, కుక్క బయటికి వచ్చేసింది.

పక్కనే నెమరేస్తున్న మేక తల ఎత్తింది. "అందులో ఇంకా ఇద్దరికి చోటుంది. మమ్మల్నీ రమ్మంటారా?" అంది.

పెంచలయ్యకు రోషం వచ్చింది. మూడోది కుట్టి, కుక్క ఛాతీ చుట్టూ వేసి, బలమంతా పెట్టి లాగి ముడేశాడు. "ఇదీ కొలతంటే!" అన్నాడు.

"కొంచెం వదులు చేయండయ్యా. ఊపిరి పీల్చుకోవడం నాకు చిన్నప్పటినుంచీ అలవాటు," అంది కుక్క.

"దాని కింద వేలైనా దూరదు మామా," అంది చెంగమ్మ.

"నువ్వు నొప్పిలో ఉన్నావు, నీకు సరిగ్గా కనబడదు. దారిలో అదే వదులవుతుంది."

"ఏది? తోలుపట్టీయా, నేనా?" అంది కుక్క. బయల్దేరారు.

పట్టీ కుక్క చంకల్లో రాసుకుంది. సగం కొండ ఎక్కేసరికి అక్కడ తోలు లేచి మంట పుట్టింది. చెంగమ్మ మూలుగు వినబడుతుంటే కుక్క తన మూలుగు మింగేసి లాగింది.

దారి ఒకచోట లోయ అంచున మలుపు తిరుగుతుంది. అక్కడ పెంచలయ్య కాలి కింద రాయి కదిలింది. ఆయన దొర్లుకుంటూ పోయి కలేకాయ పొదలో పడ్డాడు. వెనక తోసేవాడు లేకపోయేసరికి తడిక జర్రున లోయవైపు జారింది.

"చెంగమ్మా, గట్టిగా పట్టుకో!" అని అరిచి కుక్క నాలుగు కాళ్ల గోళ్లూ నేలలో దిగేసింది.

తడిక ఆగింది. కానీ దాని బరువంతా కుక్కను వెనక్కి లాగుతోంది. పట్టీ తెగలేదు, ఊడలేదు. అంత గట్టిగా బిగించాడు మరి. సాగడానికి మిగిలింది కుక్క చర్మం ఒక్కటే. అది సాగింది. మెడ మీదినుంచి, భుజాల మీదినుంచి, తడిసిన గుడ్డను పిండి లాగినట్టు సాగింది. కుక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. గోళ్లు మాత్రం వదల్లేదు.

పెంచలయ్య ముళ్లలోంచి తల ఎత్తాడు. తడికకీ లోయ అంచుకీ మధ్య ఎంత దూరముందో ఆయన కన్ను కొలవలేదు. కొలవడానికే భయపడింది. చేతులు గీరుకుపోతున్నా పాక్కుంటూ వచ్చి వెదురుబొంగు పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి తడికను దారిమీదికి లాగారు.

పెంచలయ్య ముడి విప్పాడు. పట్టీ ఒంట్లోకి దిగబడిపోయింది. అది తీసేసరికి మెడ మీది చర్మమంతా మడతలు మడతలుగా జారింది.

"నేనన్నానుగా, నేనే వదులవుతానని," అంది కుక్క.

పెంచలయ్య తడిక తాళ్లు తన భుజాల మీద వేసుకున్నాడు. పది అడుగులకే తాడు ఎక్కడ కోస్తుందో ఆయనకు తెలిసొచ్చింది. కుక్క వెనకనుంచి తలతో తోసింది. అలా పైఊరు చేరారు.

పెద్దాయన చెంగమ్మ కాలు సరిచేసి, వెదురు దబ్బలు పెట్టి కట్టాడు. "మూడు నెలల్లో నడుస్తావమ్మా," అన్నాడు. అది విని పెంచలయ్య గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

ఆ పక్కింట్లోనే ఓబులక్క అని తోలుపని చేసే ఆవిడ ఉండేది. తిరుగు ప్రయాణానికి కుక్కకు మంచి పట్టీ కావాలని పెంచలయ్య అడిగితే, తయారుగా ఉన్న మూడు పట్టీలు తెచ్చి పరిచింది.

"ఇదే సరిపోతుంది!" అని ఆయన గవ్వలు కుట్టినదాని మీద చెయ్యి వేశాడు.

ఓబులక్క ఆ చేతి మీద ఒక్కటిచ్చింది. "కుక్కను చూశావా నాయనా? నీ కళ్లు చేసిన పని చాలు. చేతుల్ని కాస్త చెయ్యనీ," అని ఒక దారం చేతిలో పెట్టింది. "మెడ మొదట్లో ఒక చుట్టు. ముందుకాళ్ల వెనక, ఛాతీ బాగా లావుగా ఉన్నచోట ఇంకో చుట్టు. దారం ఆనాలి, కోయకూడదు."

పెంచలయ్య కొలిచాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కొలిచాడు.

గవ్వల పట్టీ చంకల్లోకి వచ్చింది. "గవ్వలంత ఇష్టమైతే నువ్వే కట్టుకో," అంది ఓబులక్క. రెండోది కొలతకు సరిపోయింది గానీ, లాగితే గొంతు మీదికి పాకింది. మూడోది చూడ్డానికి సాదాగా ఉంది. అది గొంతును వదిలేసి రొమ్ముఎముక మీద కూర్చుంది. ఓబులక్క దాని కింద ఎక్కడ పెట్టి చూసినా రెండు వేళ్లు హాయిగా దూరాయి. కుక్కను నడిపించింది, కూర్చోబెట్టింది, వెనక్కి అడుగు వేయించింది. పట్టీ రాసుకోలేదు, ఊడలేదు.

"ఎలా ఉందిరా నీకు?" అన్నాడు పెంచలయ్య.

కుక్క చుట్టూ చూసింది. "నన్నేనా అయ్యా అడుగుతున్నది?"

"నిన్నేరా."

"బాగుంది. ఊపిరి కూడా ఆడుతోంది," అంది కుక్క. "మరి ఈ చర్మం సంగతేమిటి?"

"తోలుపట్టీ అయితే బిగించగలను. ప్రాణమున్న తోలు నావల్ల కాదు," అంది ఓబులక్క.

కుక్క వెళ్లి సూర్యుణ్ణి అడిగింది. "నేను ఎండబెడితే బిగుస్తావులే. అప్పడంలా అవుతావు, పరవాలేదా?" అన్నాడు సూర్యుడు.

గాలిని అడిగింది. "ఆరేసిన బట్టలు ఊడగొట్టడమే నాకొచ్చిన పని. కావాలంటే అది చేస్తాను," అంది గాలి.

ఇక చేసేదేముంది? కుక్క ముక్కు నుంచి తోక దాకా ఒళ్లు ఒక్క విదిలింపు విదిలించింది. మడతలు కాస్త సర్దుకున్నాయి. పొద్దున లేచి చూస్తే మళ్లీ జారాయి. మళ్లీ విదిలించింది.

నెల తిరక్కుండానే ఒక హైనా మేకల మీదికి వచ్చి కుక్క మెడ పట్టుకుంది. దాని నోటికి చిక్కింది ఉత్త చర్మమే. కుక్క ఆ చర్మంలోనే గిర్రున తిరిగి హైనా ముక్కు కొరికి పంపించింది. అది చూసి పెంచలయ్య, "చూశావా, నేను ముందే ఆలోచించి..." అని మొదలుపెట్టాడు. చెంగమ్మ ఒక చూపు చూసింది. ఆయన దారం వెతుక్కుంటూ లోపలికి వెళ్లిపోయాడు.

అప్పటినుంచే ఏ కుక్కకైనా మెడ మీద చర్మం పిడికిట్లోకి వచ్చేంత వదులుగా ఉంటుంది. నిద్ర లేవగానే దాన్ని సర్దుకోవడానికి ఒళ్లంతా విదిలించుకుంటుంది.