మద్దిమొక్క కింద మూడు సంచులు

అనగా అనగా, మబ్బులు ఒరుసుకుంటూ పోయే ఒక కొండ ఉండేది. ఆ కొండను ఏలే రాజు పేరు మహీధరుడు.

కార్చిచ్చుకు కొండవాలు ఒకటి బోడిదైపోయింది. దాన్ని మళ్ళీ పచ్చగా చూడాలని రాజు అక్కడ వెయ్యి మద్దిమొక్కలు నాటించాడు.

తొలకరి పడగానే మొక్కల కింద పుట్టగొడుగులు తెల్లగా విచ్చుకున్నాయి. నాలుగు రోజుల్లో వాడి, నల్లబడి, వాసన కొట్టాయి.

వనపాలుడు దండపాణి ముక్కు మూసుకున్నాడు. “ప్రభూ, ఇది తెగులు. మొక్కలకు అంటకముందే తీసేయించాలి” అన్నాడు.

రాజు సరేనన్నాడు. పనివాళ్ళు కుళ్ళిన గొడుగులను ఊడ్చారు. మట్టి గీకి, అందులో అల్లుకున్న తెల్లని పోగులను కూడా లాగేశారు. అంతా తీసుకెళ్ళి వాగులో పారబోశారు. ఏటా అదే పని.

మొదటి ఏడు నేల ఊడ్చిన వాకిలిలా ఉంది. రెండో ఏడు ఆకులు పాలిపోయాయి. మూడో ఏడు మొక్కలు బెత్తెడు కూడా ఎదగలేదు.

దండపాణికి భయం పట్టుకుంది. కూరకు పుట్టగొడుగులు ఏరుకునే పల్లెవాళ్ళే మొక్కలను తొక్కి పాడుచేస్తున్నారని రాజుకు చెప్పి, వాళ్ళెవరూ అడవిలో అడుగుపెట్టకూడదని చాటింపు వేయించాడు.

అలా ఏరుకునేవాళ్ళలో సుక్కమ్మ ఒకతె. వానాకాలమంతా అడవిలో దొరికిందే ఆమె ఇంట్లో పొయ్యి ఎక్కుతుంది. రెండు రోజులు ఊరకే కూర్చుంది. మూడో రోజు నడుచుకుంటూ కోటకు వెళ్ళింది.

“మారాజా, మీ మొక్కలకు వచ్చింది తెగులు కాదు, ఆకలి. వాటి కూడు మీరు వాగులో పోయిస్తున్నారు” అంది.

“కుళ్ళిపోయింది కూడు ఎలా అవుతుంది?” అని రాజు అడిగాడు.

“చెబితే నమ్మబుద్ధి కాదు, చూపిస్తాను. ఈ వానాకాలానికి నాకొక్క మొక్క ఇప్పించండి. దాని చుట్టూ ఎవరూ ఊడవకూడదు.”

రాజు ఒప్పుకున్నాడు. సుక్కమ్మ మూడు పలచని గుడ్డసంచుల్లో చచ్చిన గొడుగులు, పోగులు నింపి, ఆ మొక్క మొదట్లో పాతిపెట్టింది.

పది రోజులకు, అందరూ చూస్తుండగా మొదటి సంచి తీసింది. సగం ఖాళీ. మిగిలినదాని మీద దూదిలాంటి బూజు, ఆవగింజకన్నా చిన్న పురుగులు.

“ఇవి తింటున్నాయి. మెత్తనిది ముందు పోతుంది” అంది సుక్కమ్మ.

“పురుగు పట్టిందన్నమాట” అని దండపాణి గొణిగాడు.

నెల తిరిగాక రెండో సంచి తీసింది. నాలుగు నల్లటి పీలికలున్నాయి. దండపాణి జంకుతూ వాసన చూశాడు. కుళ్ళు కంపు లేదు. వానకు తడిసిన మట్టివాసన వచ్చింది.

వానలు వెనకపట్టాక మూడో సంచి కోసం రాజు తానే మట్టి తవ్వాడు. లాగితే అది రాలేదు. మద్దిమొక్క సన్నని వేళ్ళు గుడ్డను చీల్చుకుని లోపలికి పాకాయి. లోపల చిటికెడు నలుపు మాత్రం మట్టిగడ్డను అంటుకుని ఉంది.

“ఈ నలుపు తొందరగా పోదు మారాజా. మట్టిలోనే ఏళ్ళ తరబడి ఉంటుంది. మిగతా సారమంతా పురుగు నుంచి మట్టికి, మట్టి నుంచి వేరుకు పోయింది.”

రాజు తలెత్తి చూశాడు. ఆ ఒక్క మొక్క పక్కవాటికన్నా మూరెడు ఎత్తు పెరిగి, లేత చిగుళ్ళతో నిలబడి ఉంది.

దండపాణి తల వంచాడు. “తప్పు నాది ప్రభూ. వాసన చూసి భయపడ్డాను, కింద ఏం జరుగుతోందో చూడలేదు. ఆ తప్పును ఈమెలాంటి ఏరుకునేవాళ్ళ మీదికి తోశాను.”

ఒప్పుకున్నవాణ్ణి రాజు దండించలేదు. ఊడ్చే పని ఆ రోజే మాన్పించాడు. “నీకేం కావాలమ్మా?” అని సుక్కమ్మను అడిగాడు.

“మావాళ్ళను అడవిలోకి రానివ్వండి చాలు. మేమూ ఒక మాటిస్తాం. కనిపించినవన్నీ కొయ్యం. కొన్నింటిని అక్కడే రాలిపోనిస్తాం.”

మరుసటి తొలకరికి దండపాణి సుక్కమ్మ వెంట కొండెక్కి, ఏవి కొయ్యాలో, ఏవి వదలాలో అడిగి నేర్చుకున్నాడు. మూడేళ్ళలో కొండవాలు నీడ పట్టింది. సుక్కమ్మ ఇంట్లో పొయ్యి ఏ వానాకాలమూ ఆరలేదు.

పనికిరాదని దేన్నైనా పారేసేముందు, అది ఎవరి ఆకలి తీరుస్తోందో వంగి చూడాలి.